తన గెలుపును తానే కొట్టేసిన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ పానెత్

మన వసతి గృహం లాంటి చోట్ల వచ్చే వార్షికోత్సవ సంచికల్లో అంబేద్కర్ గారి జీవితం, ఫూలే దంపతుల జీవితం, మన పొరుగున వినుకొండలో పుట్టిన జాషువా గారి జీవితం చదువుతూనే ఉంటాం. సైన్సు వంతు వస్తే రామన్, ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ. తమ్ముళ్లూ, ఈసారి మీకు పరిచయం చేయబోయే పెద్దమనిషి పేరు మీ పాఠ్యపుస్తకంలో ఉండకపోవచ్చు. రసాయన శాస్త్రవేత్తలకు మాత్రం ఆయన బాగా తెలిసినవాడు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన తన ప్రయోగాన్ని ఏడాది తిరక్కుండానే తప్పని తానే రుజువు చేసి, అచ్చులో ఒప్పుకొన్న మనిషి. పేరు ఫ్రిట్జ్ పానెత్.

పానెత్ 1887 ఆగస్టు 31న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. తండ్రి జోసెఫ్ పానెత్ శరీరధర్మ శాస్త్రవేత్త. బైపీసీ చదివే అక్కలు, అన్నలు చిన్నపేగు పాఠంలో పానెత్ కణాలు అని చదివే ఉంటారు. ఆ కణాలకు ఆ తండ్రి పేరే పెట్టారు. కానీ కొడుక్కి మూడేళ్లు కూడా నిండకముందే 1890లో ఆయన చనిపోయారు. పుట్టుకతో యూదు కుటుంబమైనా పిల్లల్ని ప్రొటెస్టంటు క్రైస్తవులుగా పెంచారు. ఈ పుట్టుక సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

1910లో వియన్నా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. తర్వాత వియన్నాలోనే కొత్తగా కట్టిన రేడియం పరిశోధన సంస్థలో చేరారు. అక్కడ ఆయనకు ఒక మొండి సమస్య తగిలింది. సీసంలో రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థం కలిసిపోయి ఉంది. దాన్ని వేరు చేయాలి. ఎన్ని విధాల ప్రయత్నించినా విడిపోలేదు. అదే సమయంలో ఇంగ్లండులో రూథర్‌ఫర్డ్ దగ్గర హెవెసీ అనే హంగేరీ యువకుడు కూడా ఇదే పనిలో తల బాదుకుంటున్నాడు. ఇప్పుడైతే మనకు తెలుసు, రేడియం-డి అంటే సీసానికే ఒక ఐసోటోపు. రసాయనిక పద్ధతుల్లో అది విడిపోదు.

1913లో ఆ ఇద్దరూ వియన్నాలో కలుసుకున్నారు. విడిపోకపోతే పోనీ, ఆ విడిపోకపోవడాన్నే వాడుకుందాం అనుకున్నారు. మన ఊళ్లలో గొర్రెల కాపరి తన మందకు రంగు పూస్తాడు కదా, ఏ బీడులో కలిసినా తన గొర్రెను గుర్తుపడతాడు. అలాగే సీసంలో కొంచెం రేడియం-డి కలిపితే, ఆ సీసం ఎక్కడికి పోయినా కిరణాలను బట్టి కనిపెట్టవచ్చు. నీటిలో దాదాపు కరగవు అనుకునే సీసపు లవణాలు నిజానికి ఎంత కరుగుతాయో ఈ పద్ధతిలోనే కొలిచారు. నేడు ఆసుపత్రుల్లో థైరాయిడ్ స్కానింగుకు రేడియో అయోడిన్ ఇవ్వడం వెనక ఉన్నది ఈ ఆలోచనే. దీనికి 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి హెవెసీ ఒక్కరికే ఇచ్చారు. పానెత్‌కు రాలేదు.

ఇక అసలు కథకు వద్దాం. అది హీలియం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముందు హీలియం గురించి నాలుగు మాటలు చెప్పాలి. దాని కథకు మన తెలుగు నేలతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఓడెక్కి వచ్చి గుంటూరులో పరికరాలు పెట్టుకున్నాడు. మద్రాసు పరిశోధనశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో చూశాడు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును స్పెక్ట్రోస్కోపులో విడదీసి చూస్తే మెరిసే గీతలు కనబడ్డాయి. వాటిలో ఒక పసుపు గీత సోడియంది కాదని, భూమి మీద ఎవరూ చూడని మూలకానిదని తర్వాత ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరొచ్చింది. భూమి మీద దాన్ని 1895లో రామ్సే పట్టుకున్నాడు.

1920 నాటికి ఆస్టన్ అనే శాస్త్రవేత్త పరమాణువుల బరువులు ఎంతో కచ్చితంగా తూచాడు. నాలుగు హైడ్రోజన్ పరమాణువులు కలిసి ఒక హీలియం అయితే బరువులో దాదాపు 0.7 శాతం తగ్గుతుంది. ఆ తగ్గిన బరువు శక్తిగా మారుతుంది. సూర్యుడు మండేది ఇలాగే కావచ్చని ఎడింగ్టన్ అదే ఏడాది ఊహించాడు. సూర్యుడి నడిమధ్యన వేడి సుమారు కోటిన్నర డిగ్రీలు. రెండు కేంద్రకాలకూ ధనావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. అంత వేడిలో అతివేగంగా ఢీకొంటే తప్ప అతుక్కోవు. అంత వేడి లేకుండా మామూలు గది ఉష్ణోగ్రత దగ్గరే వాటిని అతికించగలిగితే దాన్ని శీతల సంలీనం అంటారు, కోల్డ్ ఫ్యూజన్ అన్నమాట.

అప్పటికి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఉన్న పానెత్, ఆయన సహచరుడు కుర్ట్ పీటర్స్ ఈ పనికి పల్లాడియం అనే లోహాన్ని ఎంచుకున్నారు. పల్లాడియం ఒక వింత లోహం. దూది నీళ్లు పీల్చినట్టు హైడ్రోజన్ను పీల్చుకుంటుంది. తన ఘనపరిమాణానికి దాదాపు 900 రెట్ల హైడ్రోజన్ను లోపల పెట్టుకోగలదు. అంత ఇరుకులో నలిగిపోతే హైడ్రోజన్ పరమాణువుల్లో కొన్నయినా కలిసి హీలియం కావేమో చూద్దాం అన్నది వాళ్ల ఆలోచన. ఇంకో సంగతి కూడా ఉంది. అది పెద్ద పెద్ద గాలి ఓడల కాలం. హైడ్రోజన్ నింపితే అంటుకుంటుంది, హీలియం నింపితే అంటుకోదు. కానీ హీలియం బావులు అమెరికాలో ఉన్నాయి, జర్మనీలో లేవు. హైడ్రోజన్ నుంచి హీలియం చేయగలిగితే జర్మనీకి అది బంగారమే. 1937లో హైడ్రోజన్ నింపిన హిండెన్‌బర్గ్ ఓడ తగలబడి 36 మంది చనిపోయారంటే ఆ అవసరం ఎంతటిదో తెలుస్తుంది.

ప్రయోగం వినడానికి తేలికే. పొడిగా చేసిన పల్లాడియానికి హైడ్రోజన్ పట్టించి కొంతకాలం అలా ఉంచాలి. తర్వాత ఆక్సిజన్ పంపి హైడ్రోజన్నంతా నీరుగా మార్చి తీసేయాలి. మిగిలిన వాయువులను ద్రవగాలిలో చల్లబరచిన బొగ్గు పీల్చేసుకుంటుంది. హీలియం మాత్రం బొగ్గుకు చిక్కదు. ఆ మిగిలినదాన్ని వెంట్రుకలాంటి సన్నటి గాజు గొట్టంలోకి తోసి, కరెంటు పెట్టి, స్పెక్ట్రోస్కోపులో చూడాలి. వాళ్ల పద్ధతి ఎంత సున్నితమైనదంటే ఒక ఘన సెంటీమీటరులో కోటి వంతు కంటే తక్కువ హీలియం ఉన్నా గీతలు కనబడతాయి. అప్పటికి ప్రపంచంలో అంత తక్కువ హీలియాన్ని పట్టగలిగినవాళ్లు అరుదు.

గీతలు కనబడ్డాయి! గ్రహణం నాడు పెద్దలు ఎక్కడో సూర్యుడి అంచున వెతికిన మూలకం, బెర్లిన్‌లో బల్ల మీది గాజు గొట్టంలో వెలిగింది.

పానెత్ తొందరపడలేదు. బయటి గాలి లోపలికి కారి ఆ గాలిలోని హీలియం కనబడిందేమో అన్న అనుమానం ఆయనకు ముందే ఉంది. దానికో చక్కటి పరీక్ష పెట్టుకున్నారు. గాలిలో హీలియం కంటే నియాన్ మూడు రెట్లకు పైగా ఎక్కువ. గాలి కారితే హీలియం గీతలతో పాటు నియాన్ గీతలు కూడా కనబడాలి. నియాన్ లేకుండా హీలియం ఒక్కటే వచ్చింది కాబట్టి అది గాలి నుంచి రాలేదు. హైడ్రోజన్ లేకుండా గాజును కాచి కూడా చూశారు, హీలియం రాలేదు. ఇన్ని చూసుకున్నాకే 1926లో ప్రచురించారు. వార్త దేశదేశాల పత్రికల్లోకి ఎక్కింది.

ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరాలు లేవదీశారు. పానెత్ వాళ్ల మీద కోపం తెచ్చుకోలేదు. ఎదురుదాడి వ్యాసాలు రాయలేదు. తన ప్రయోగాన్నే మళ్లీ విప్పి, ఒక్కో భాగాన్ని విడివిడిగా నిలదీయడం మొదలుపెట్టారు.

ఇక్కడ మనకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. మన పడమటి ప్రకాశం బోర్లలో ఫ్లోరైడు బాధ మీకు తెలియనిది కాదు. నీళ్లు పరీక్షకు పంపినప్పుడు సీసాలో నీళ్లు పట్టి పంపితే చాలదు. ఆ సీసాను అంతకుముందు దేనితో కడిగామో కూడా చూడాలి. బోరు నీళ్లతోనే కడిగిన సీసాలో శుభ్రమైన వాన నీళ్లు పట్టినా కొంత ఫ్లోరైడు కనబడవచ్చు. అందుకే ల్యాబులో ఖాళీ సీసాను కూడా నీళ్ల సీసాతో పాటు అదే విధంగా పరీక్షిస్తారు. అదే విధంగా అన్నమాటలోనే ఉంది కిటుకంతా.

పానెత్ పట్టుకున్నది అదే. గాజు గాలిలో ఉన్నంతకాలం కొద్దికొద్దిగా హీలియాన్ని తనలోకి పీల్చుకుంటుంది. నియాన్ పరమాణువు పెద్దది, గాజులోకి అంత తేలిగ్గా దూరదు. ఆ గాజును హైడ్రోజన్ లేకుండా కాస్తే దాచుకున్న హీలియం బయటికి రాలేదు. అదే గాజును హైడ్రోజన్‌లో కాస్తే హీలియం వచ్చింది! పల్లాడియం పొడిని పట్టి ఉంచడానికి వాడిన ఆస్‌బెస్టాస్ నార కూడా ఇదే పని చేసింది. ఆస్‌బెస్టాస్ అంటే మన ఇళ్ల పైకప్పు రేకుల్లో కలిపే నారే. అంటే హైడ్రోజన్ హీలియంగా మారలేదు. హైడ్రోజన్ వెళ్లి, గాజులోనూ నారలోనూ దాక్కున్న పాత హీలియాన్ని తరిమి బయటికి తెచ్చింది. నియాన్ లేదు కాబట్టి గాలిది కాదనుకున్నారు. అది గాలిదే, కాకపోతే గాజు జల్లెడపట్టి నియాన్ను వదిలేసిన గాలి. ఎంత జాగ్రత్తగా పెట్టుకున్న కాపలాను దాటుకొని వచ్చిందో చూడండి.

1927లో పానెత్, పీటర్స్, వారితో పనిచేసిన గ్యుంథర్ కలిసి ఈ సంగతులన్నీ జర్మన్ పత్రికలో ప్రకటించారు. ఇంగ్లండులోని నేచర్ పత్రికలో కూడా పానెత్ పేరుతో వచ్చింది. అదే విద్యా సంవత్సరంలో ఆయన అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ఆహ్వానం మీద గౌరవ ఉపన్యాసాలు ఇచ్చారు. పేరు ప్రతిష్ఠలు అంత ఎత్తున ఉన్న సమయంలో అచ్చయినదాన్ని వెనక్కి తీసుకోవడమంటే మార్కాపురం పలక మీద రాసింది మోచేత్తో తుడిచినంత తేలిక కాదు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో రీడింగులు కుదరకపోతే జవాబు నుంచి వెనక్కి లెక్కగట్టి రికార్డు నింపే పద్ధతి మన రాష్ట్రమంతటా అందరికీ తెలిసిందే. పానెత్ కుదిరిన రీడింగునే అనుమానించారు. కొన్ని పుస్తకాలు ఆయన్ను శీతల సంలీనంలో మొదట పొరబడినవాడిగా ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అది నాకు అన్యాయం అనిపిస్తుంది.

ఆయన కొట్టేసినా ఆ ఆశ చావలేదు. 1927లోనే స్వీడన్‌లో ఎలక్ట్రోలక్స్ కంపెనీ ల్యాబులో పనిచేసే టాండ్‌బెర్గ్ అనే ఆయన, పల్లాడియం కడ్డీతో నీటిని విద్యుత్ విశ్లేషణ చేసి హీలియం, శక్తి పుట్టించే పద్ధతికి పేటెంటు అడిగారు. ఇవ్వలేదు. తర్వాత భారజలంతో కూడా ప్రయత్నించారు.

అసలు గొడవ 1989లో వచ్చింది. ఆ ఏడాది మార్చి 23న అమెరికాలో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన పాన్స్, బ్రిటన్‌కు చెందిన ఫ్లైష్‌మన్ విలేఖరుల సమావేశం పెట్టి, పల్లాడియం కడ్డీ, భారజలం ఉన్న గాజు పాత్రలో లెక్కకు మించిన వేడి పుట్టిందని, అది కేంద్రక సంలీనమేనని ప్రకటించారు. మళ్లీ అదే పల్లాడియం! ప్రపంచంలోని ల్యాబులన్నీ ఆ ప్రయోగం మీద పడ్డాయి. భారజలానికి బదులు మామూలు నీళ్లు పోసి అదే విధంగా చేస్తే ఏం వచ్చిందో చెప్పండి అని తోటి శాస్త్రవేత్తలు అడిగారు. అందరినీ ఒప్పించే జవాబు రాలేదు. బ్రిటన్‌లోని హార్వెల్, అమెరికాలోని కాల్‌టెక్ లాంటి చోట్ల చేసి చూసి ఏమీ లేదన్నారు. మన దేశంలో ట్రాంబేలోని బాబా అణు పరిశోధన కేంద్రంలో పి.కె. అయ్యంగార్, ఎం. శ్రీనివాసన్ గార్ల ఆధ్వర్యంలో అనేక బృందాలు వెతికి న్యూట్రాన్లు, ట్రిటియం కనబడ్డాయని నివేదిక ఇచ్చాయి. కానీ ఎప్పుడు చేసినా, ఎవరు చేసినా ఒకే ఫలితం వచ్చేలా అది నిలబడలేదు. 1989 నవంబరులో అమెరికా ఇంధన శాఖ నియమించిన కమిటీ నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. గూగుల్ సంస్థ డబ్బుతో సుమారు 30 మంది పరిశోధకులు కొన్నేళ్లపాటు మళ్లీ వెతికి, 2019లో నేచర్ పత్రికలోనే శీతల సంలీనం జాడ దొరకలేదని రాశారు. ఇప్పటికీ వెతికేవాళ్లు ఉన్నారు. వెతకడం తప్పు కాదు. పానెత్ కూడా వెతికినవాడే.

1989 నాటి ఆ గొడవ వచ్చేసరికి పానెత్ ఈ లోకంలో లేరు. ఆయన జీవితం 1927తో ఆగలేదు కాబట్టి మళ్లీ వెనక్కి వెళ్దాం.

1929లో ఆయన కోనిగ్స్‌బర్గ్‌లో ప్రొఫెసరయ్యారు. అదే ఏడాది హోఫెడిట్జ్‌తో కలిసి మరో గొప్ప ప్రయోగం ప్రకటించారు. సీసం ఉన్న ఒక కర్బన సమ్మేళనాన్ని ఆవిరిగా గాజు గొట్టంలో పంపుతూ ఒకచోట వేడి చేస్తే, గొట్టం లోపల అద్దంలాగా సీసపు పూత ఏర్పడింది. తర్వాత ఆవిరి వచ్చే వైపు ఇంకా ముందు వేడి చేస్తే, మొదట ఏర్పడిన అద్దం కరిగి మాయమైంది. దాన్ని తినేసింది మిథైల్ స్వేచ్ఛా రాడికల్. సెకనులో వెయ్యో వంతుల లెక్కన మాత్రమే బతికే ఆ ముక్క నిజంగా ఉందని ఆ మాయమైన అద్దం సాక్ష్యం చెప్పింది. రెండేళ్ల కిందట నవ్వులపాలు అవుతాడేమో అనుకున్న మనిషి మాటను ఈసారి రసాయన ప్రపంచం అనుమానించలేదు.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఏప్రిల్‌లో వచ్చిన చట్టం యూదు సంతతి వారిని ప్రభుత్వ కొలువుల నుంచి, విశ్వవిద్యాలయాల నుంచి తీసేయమంది. చర్చిలో పెరిగినా సరే, తాతల పుట్టుక చూశారు. పుట్టుకను బట్టి మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం అంటే ఏమిటో మన సంచిక చదివేవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. పానెత్ అప్పుడు ఉపన్యాసాల కోసం ఇంగ్లండులో ఉన్నారు. తిరిగి వెళ్లలేదు. నలభై ఆరో ఏట ఉద్యోగం, ల్యాబు వదులుకొని పరాయి భాషలో మళ్లీ మొదలుపెట్టారు. మొదట లండన్ ఇంపీరియల్ కాలేజీలో పనిచేసి, 1939లో డర్హమ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు. 1943 నుంచి 1945 వరకు కెనడాలోని మాంట్రియల్‌లో బ్రిటిష్-కెనడా అణుశక్తి బృందపు రసాయన విభాగానికి అధిపతిగా ఉన్నారు. 1947లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది.

కోటి వంతు హీలియాన్ని పట్టే ఆ పాత పద్ధతిని ఆయన పారేయలేదు. ఆకాశం నుంచి రాలే ఉల్కలకు దాన్ని వాడారు. ఉల్కలో యురేనియం, థోరియం ఉంటే అవి క్షీణిస్తూ హీలియం విడుస్తాయి. ఎంత హీలియం పోగుపడిందో కొలిస్తే ఉల్క వయసు తెలుస్తుంది. ఏళ్ల తరబడి కొలిచి పట్టికలు వేశారు. కొన్ని ఇనుప ఉల్కల వయసు మరీ ఎక్కువగా వచ్చింది, ఇప్పుడు మనకు తెలిసిన భూమి వయసు 450 కోట్ల ఏళ్లను దాటి. 1947లో బాయర్ అనే ఆయన, అంతరిక్షంలో తిరుగుతున్నప్పుడు విశ్వకిరణాలు తగిలి కూడా ఉల్కల్లో హీలియం పుడుతుంది కదా అని గుర్తుచేశారు. పానెత్ మళ్లీ అదే పని చేశారు. తన లెక్కలను తానే పరీక్షకు పెట్టారు. విశ్వకిరణాల వల్ల పుడితే హీలియం-3 అనే తేలిక రకం కూడా ఉండాలి. 1952లో సహచరులతో కలిసి కొలిచి, అది దండిగా ఉందని, తన పాత వయసులు నిలవవని ప్రకటించారు. అప్పటికి ఆయనకు 65 ఏళ్లు. కొత్తగా పేరు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు, పాత పేరు కాపాడుకుంటే చాలనుకునే వయసు.

1953లో జర్మనీ పిలిచింది. మైంజ్ నగరంలోని మాక్స్ ప్లాంక్ రసాయన సంస్థకు డైరెక్టరుగా వెళ్లారు. బెర్లిన్‌లో ఉన్నప్పుడు 1938లో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియం విచ్ఛిత్తిని కనుగొన్నది ఆ సంస్థలోనే. తనను వద్దన్న దేశానికి ఆయన వెళ్లడం కొందరికి నచ్చకపోయి ఉండవచ్చు. అక్కడా ఉల్కల పనే కొనసాగించారు. 1958 సెప్టెంబరు 17న కన్నుమూశారు.

చంద్రుడి మీద ఒక గోతికి ఆయన పేరు పెట్టారు. 1967లో ఒక ఇనుప ఉల్కలో అంతవరకు తెలియని ఫాస్ఫేటు ఖనిజం దొరికితే దానికి పానెథైట్ అని పేరు పెట్టారు.